కుంకుడు నురుగు, అమృతాంజనం వాసన

పద్దులు చూడడం నా వృత్తి. బి.కామ్. పాసై బ్యాంకులో చేరింది మొదలు ఇప్పటిదాకా బెంగళూరు, ముంబయి, బరంపురం, చెన్నై అంటూ బదిలీల మీద తిరుగుతూనే ఉన్నాను. ఒక మనిషి దేనికి ఖర్చు పెడుతున్నాడో, దేనికి పెట్టడం లేదో చూస్తే అతని ఇంటి సంగతి సగం తెలిసిపోతుందని నా నమ్మకం. ఆ లెక్కన నూరేళ్ళ కిందటి మన ఇళ్ళను చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఒంటికి, ఇంటికి, బట్టకు, రోగానికి కావలసినవాటిలో డబ్బు పెట్టి కొన్నవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తక్కినవన్నీ పెరట్లోంచో, పొయ్యిలోంచో, పోపుల డబ్బాలోంచో వచ్చేవి. 1900 నుంచి 1930 దాకా ఉన్న ఆ ముప్ఫై ఏళ్ళలోనే, ఊరికే దొరికే వస్తువు పక్కకు జరిగి, కాగితం చుట్టి ముద్ర వేసిన వస్తువు మన గూట్లోకి వచ్చి కూర్చుంది. అలా కూర్చోబెట్టిన వాళ్ళలో ఇల్లు విడిచి దూరదేశం పోయిన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. అందుకే ఈ ముచ్చట మన పత్రికకు తగినదని రాస్తున్నాను.

ముందుగా కుంకుడుకాయ సంగతి. ముంబయిలో కొత్తగా కాపురం పెట్టినప్పుడు మా ఆవిడ కిరాణా కొట్టుకు వెళ్ళి కుంకుళ్ళు కావాలని తెలుగులోనే అడిగేసింది. కొట్టువాడు కందిపప్పు నుంచి గవ్వల దాకా అన్నీ చూపించాడు. చివరికి ఆవిడ రెండు చేతులతో తల రుద్దుకుని చూపిస్తే, 'అరే, రిఠా!' అన్నాడు. బరంపురంలోనూ రిఠాయే. ఇక్కడ కన్నడంలో అంటువాళకాయి, తమిళంలో పూందికొట్టై. మన సీకాయ ఇక్కడ సీగెకాయి అవుతుంది, చెన్నైలో సీయక్కాయ్ అవుతుంది. రెండు మూడు తరాలుగా బయట ఉంటున్న మన ఇళ్ళలో వస్తువు మిగిలి పేరు పోయిన సందర్భాలున్నాయి. పేరు మిగిలి వస్తువు పోయిన ఇళ్ళూ ఉన్నాయి. మా ఇంట్లో రెండూ జరిగాయి.

ఆదివారం తలంటి అంటే అదొక చిన్న యుద్ధం. ముందు నువ్వులనూనో ఆముదమో పట్టించి, కుంకుళ్ళు రాతిమీద చితక్కొట్టి, నల్ల గింజలు పిల్లలు ఆడుకోవడానికి తీసిపెట్టి, పెచ్చులు వేడినీళ్ళలో నానేసి, మందారాకు కూడా వేసి పిసికితే కుచ్చుళ్ళు కుచ్చుళ్ళుగా నురుగు. కళ్ళు మండి ఏడిస్తే మా ఇంట్లో నోట్లో ఒక ఉప్పుకల్లు వేసేవారు. దానివల్ల మంట తగ్గేదో, ఉప్పు చప్పరించే పనిలో పడి ఏడుపు ఆగేదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఈ కాయ పెచ్చులో సపోనిన్ అనే పదార్థం ఉంది, నురుగు దాని చలవే. సబ్బుకు లేని ఒక గుణం దీనికుంది. సబ్బు ఉప్పునీళ్ళలో విరిగిపోయి తెల్లటి తెట్టు కడుతుంది. మా బెంగళూరు బోరునీళ్ళతో బట్టలుతికే వాళ్ళందరికీ ఇది అనుభవమే. కుంకుడు అలా విరగదు. పైగా సబ్బులో ఉన్న క్షారం ఇందులో లేదు. కంసాలి నగలు మెరుగుపెట్టడానికి, ఆడవాళ్ళు పట్టుచీర నలగకుండా జాడించడానికి కుంకుడు రసమే వాడడం వెనక ఉన్న కిటుకు ఇదే. బరంపురంలో నా దగ్గర ఖాతా ఉన్న ఒక పట్టుచీరల వ్యాపారి, 'సార్, లక్ష రూపాయల మెషిన్ కొన్నా పట్టుకు మాత్రం రిఠా నీళ్ళే' అనేవాడు.

మిగిలిన శుభ్రత అంతా కూడా ఇలాంటి రసాయనశాస్త్రమే, పేరు తెలియకుండా చేసింది. కట్టెల పొయ్యి బూడిదలో క్షారం ఉంటుంది. జిడ్డు గిన్నెను బూడిదతో తోమితే ఆ క్షారమూ జిడ్డూ కలిసి అప్పటికప్పుడు కొంత సబ్బే తయారవుతుంది. ఇత్తడి, రాగి బిందెలకు పట్టిన చిలుమును చింతపండులోని పులుపు కరిగిస్తుంది. పట్టు వదలకపోతే ఇటుకపొడి. రుద్దడానికి కొబ్బరిపీచు. ఒంటికి సున్నిపిండి. వీటిలో ఒక్కదానికీ పద్దు రాయనక్కర లేదు, చింతపండుకు తప్ప. అదీ కూరలోకి వాడగా మిగిలిన పిప్పే.

తెల్లబట్ట వెనక చేతులు

కానీ ఇదంతా ఊరికే వచ్చిందని నేను అన్నమాట సరిచేసుకోవాలి. గిన్నెలు తోమింది ఇంటి ఆడవాళ్ళో, పనిమనిషో. బట్టలు ఉతికింది చాకలి కుటుంబం. చౌడునేలల నుంచి చౌడుమట్టి గంపలతో మోసుకొచ్చి, నీళ్ళలో కలిపి, మాసిన గుడ్డలు అందులో ముంచి, పెద్ద కాగు మీద పేర్చి ఆవిరి పట్టించేవారు. దాన్ని ఉబ్బ వేయడం అంటారు. తెల్లవారుజామున పొయ్యి రాజేసి, ఆ తర్వాత ఏట్లో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి బండకేసి బాదాలి. చలికాలమైనా సరే. పది ఇళ్ళ బట్టలు కలిసిపోకుండా నల్లజీడి గింజ రసంతో మూలన గుర్తు పెట్టేవారు. ఆ మరక ఎన్ని ఉతుకులకైనా పోదు. ఇంగ్లీషువాళ్ళు ఆ గింజను గుర్తులగింజ అనే అర్థంలోనే పిలిచారు. ఎన్ని బట్టలు వేశామో ఇంటామె గోడమీద బొగ్గుగీతలు గీసుకునేది. నేను చూసిన లెక్కల్లో అంత పొదుపైన లెడ్జరు ఇంకోటి లేదు. కూలీ మాత్రం పల్లెల్లో పంటనాడు కొలిచే గింజలూ, పూట పూటకూ పెట్టే అన్నమూ. ఆ బట్ట ఉతికిన మనిషి వాకిట్లోనే నిలబడాలి, బట్ట మాత్రం పూజగదిలోకి కూడా వెళ్ళవచ్చు. పాతకాలపు శుభ్రత గురించి మురిసిపోతూ రాసేవాళ్ళు ఈ పద్దును తరచు వదిలేస్తుంటారు. వదిలేస్తే ఆ లెక్క సరిపోదు.

తెల్లబట్టకు ఆఖరి మెరుగు నీలిమందు. ఇది మన కడప, నెల్లూరు సీమల్లో పండిన నీలి అనుకుంటారు చాలామంది. ఇంగ్లండునుంచి చిన్న మూటలుగా వచ్చిన నీలి వేరు. అది అల్ట్రామెరైన్ అనే ఖనిజపు రంగు. 1820ల్లో ఫ్రాన్సులో దాన్ని కృత్రిమంగా చేయడం కనిపెట్టారు. పాతబడిన బట్టలోని పసుపుఛాయను కొద్దిపాటి నీలం కంటికి కనబడకుండా చేస్తుంది, అంతే. బట్ట శుభ్రపడదు, శుభ్రపడినట్టు కనిపిస్తుంది. బ్యాలెన్సు షీటు సర్దడం లాంటిదన్నమాట!

సబ్బు వచ్చిన దారి

1888లో కలకత్తా రేవులో సన్‌లైట్ సబ్బుల పెట్టెలు దిగాయి. వాటిమీద లీవర్ బ్రదర్స్, ఇంగ్లండు అని అచ్చు ఉండేది. 1895లో లైఫ్‌బాయ్ వచ్చింది. ఎర్రటి బిళ్ళ, ఆస్పత్రి గుర్తుకొచ్చే కార్బాలిక్ వాసన. ఆ వాసనే దాని పరపతి, అప్పటి జనం ప్లేగు భయంలో ఉన్నారు గనుక. 1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చినప్పుడు ఇళ్ళు ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, మందునీళ్ళు చల్లించారు. ఇరుకు పేటల నుంచి జనాన్ని విడదీయడానికే మల్లేశ్వరం, బసవనగుడి వెలిశాయి. ఇవాళ ఆ పేటల్లో గజం స్థలం ధర చెబితే ఎవరికైనా జ్వరం వస్తుంది గాని, అవి పుట్టింది మాత్రం ఎలుకల భయంతో.

అయినా మన ఆచారవంతుల ఇళ్ళలో సీమసబ్బు చాలాకాలం గుమ్మం దాటలేదు. అందులో పశువుల కొవ్వు ఉంటుందని. ఆ అనుమానం నిజమే. అప్పటి సీమసబ్బుల్లో కొవ్వు వాడకం మామూలు. ఆ ఇబ్బందిని వ్యాపారంగా మార్చినవాడు బొంబాయిలో బీరువాలు, తాళాలు చేసే అర్దేశిర్ గోద్రెజ్. పశువుల కొవ్వు లేకుండా కేవలం వృక్షసంబంధమైన నూనెలతో 1918లో సబ్బు తెచ్చాడు. స్వదేశీ ఉద్యమం ఊపులో ఉన్న రోజులు గనుక అది నిలదొక్కుకుంది.

మా మైసూరు కథ దీనికంటే రంజుగా ఉంటుంది. 1914లో యుద్ధం మొదలై ఓడలు ఆగిపోయేసరికి, యూరపుకు పోవలసిన గంధపుచెక్క సంస్థానంలో గుట్టలు పడిపోయింది. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి ఇంటిపేరు ప్రకాశం జిల్లాలోని మోక్షగుండం ఊరిది, పూర్వులు అక్కడినుంచి వలసవచ్చిన తెలుగువారు. కొనేవాడు లేడని చెక్కను అడవిలో వదిలేయకుండా నూనె తీయిద్దామన్నారు. ఇక్కడి సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు సడ్‌బరో, వాట్సన్ దోహదం చేశారు. 1916లో బెంగళూరులో గంధపునూనె ఫ్యాక్టరీ మొదలైంది. సబ్బు విద్య నేర్చుకుని రమ్మని ఎస్.జి. శాస్త్రిగారిని ఇంగ్లండు పంపారు. 1918లో మైసూర్ శాండల్ సబ్బు బజారుకొచ్చింది. కొవ్వు గొడవ లేదు, దేవుడికి వాడే గంధం ఉంది, పైగా మహారాజుగారి ముద్ర. ఇంకే, సబ్బు అంటే ముఖం చిట్లించే అవ్వలు కూడా దాన్ని చీరల పెట్టెలో దాచుకున్నారు. ఒళ్ళు రుద్దుకోవడానికి కాదు, వాసనకు!

రెండు మందులు, రెండు పత్రికలు

ఇక అమృతాంజనం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కలకత్తాలో మందుల వ్యాపారం మెలకువలు నేర్చి, బొంబాయి చేరి, 1893లో ఈ పసుపుపచ్చ లేపనాన్ని మొదలుపెట్టారు. కర్పూరం, పుదీనా సత్తు, నీలగిరి తైలం వంటివి కలిపిన మందు. మొదట్లో సీసా పది అణాలని చెబుతారు. రూపాయికి పదహారణాలు అని గుర్తు చేసుకుంటే అది ఆ రోజుల్లో కూలివాడికి చవక వస్తువేమీ కాదు. అందుకే కాబోలు, ముందు వాసన చూపించారు. సంగీత కచేరీలకు వెళ్ళి ఉచితంగా పంచేవారట. రాత్రంతా కూర్చుని తల బరువెక్కిన రసికుడికంటే ఆ మందుకు మంచి గిరాకీదారు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి!

అప్పటికే బొంబాయిలో మనవాళ్ళు చాలామంది. కామాటిపుర అనగానే ఇప్పుడు లోకానికి వేరే సంగతి గుర్తొస్తుంది గాని, ఆ పేరు నిజాం రాజ్యంలోని తెలంగాణ నుంచి వచ్చి ఇళ్ళూ రోడ్లూ కట్టిన కామాటీలది. ఆ ఊళ్ళోంచే 1908లో పంతులుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. తెలుగుదేశానికి వందల మైళ్ళ దూరాన, మరాఠీ గుజరాతీల నడుమ తెలుగు అచ్చు! 1914లో మద్రాసుకు తరలి అది దినపత్రిక అయింది, 1924లో భారతి వచ్చింది. అచ్చు ఖర్చుకూ, చందాల వసూలుకూ మధ్య ఉండే అగాధం పత్రిక నడిపిన ఎవరికైనా తెలుసు. మన సంఘం కోశాధికారిని అడగండి. పంతులుగారి అగాధాన్ని పూడ్చింది జనం తలనొప్పి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళడానికి, అడిగినవాడికల్లా దానం చేయడానికి, మైలాపూరులోని తమ శ్రీబాగ్ ఇంట్లో 1937లో ఆంధ్ర నాయకుల ఒడంబడికకు చోటివ్వడానికి వెనక ఉన్న దన్ను ఆ చిన్న సీసా. 1938లో ఆయన పోయారు. పత్రికలు ఆగిపోయి చాలాకాలమైంది. సీసా ఇంకా ఉంది.

రెండోవారు డాక్టర్ కె.ఎన్. కేసరి. ఒంగోలు ప్రాంతం నుంచి మద్రాసు చేరి, కేసరి కుటీరం పెట్టి, ఆడవారి గర్భాశయ బాధలకు లోధ్ర అనే మందు అమ్మారు. 1928లో గృహలక్ష్మి అనే స్త్రీల మాసపత్రిక ప్రారంభించి, రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చే సంప్రదాయం పెట్టారు. ఆడదాని బాధ అత్తగారి ముందు కూడా నోరు విప్పని కాలంలో, ఆ బాధ పేరు అచ్చులో చూసుకుని 'నాకొక్కదానికే కాదన్నమాట' అనుకున్న స్త్రీలు ఎందరుంటారో! మందు ఎంతమేరకు పనిచేసిందనేది వేరే ప్రశ్న. మాట పైకి రావడం మాత్రం పనిచేసింది.

హైదరాబాదులో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో తయారుచేసిన జిందా తిలిస్మాత్ ఇదే కోవకు చెందుతుంది. డబ్బామీద నిజాం సైన్యంలోని ఆఫ్రికా జాతి వీరుడి బొమ్మ ఉంటుంది. నాందేడ్, బీదర్, రాయచూరు అప్పట్లో నిజాం రాజ్యంలోవే గనుక, అక్కడి మన కుటుంబాల్లో జలుబుకు అమృతాంజనమా, తిలిస్మాతా అనే వాదం ఈ రోజుకూ తెగదు.

మా అమ్మ చెప్పిన లెక్క

వీటన్నిటికంటే ముందు ఉన్నది పోపులడబ్బా వైద్యం. సొంఠి, వాము, మిరియాలు, పిప్పళ్ళు, కరక్కాయ, జాజికాయ, ఇంగువ, వసకొమ్ము. దగ్గుకు మిరియాల కషాయం, కడుపునొప్పికి వాము, దెబ్బకు పసుపు, అన్నిటికీ ఆముదం. పసుపు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. గాయం మాన్పడానికి పసుపు వాడకం మాదంటూ 1995లో అమెరికాలో పేటెంటు పొందారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలూ, 1953 నాటి ఒక వైద్యపత్రికలోని వ్యాసమూ రుజువుగా చూపి, 1997లో అది రద్దు చేయించింది. కోట్లమంది అవ్వలకు తెలిసిన విషయమైనా కాగితం లేకపోతే చెల్లదు. బ్యాంకు కౌంటరులో కూర్చున్నవాడిగా నాకు ఇందులో ఆశ్చర్యం లేదు.

మా అమ్మాయికి మొన్న ఆడపిల్ల పుట్టింది. పురిటికి మా ఇంటికే వచ్చింది. మా అమ్మకు ఎనభై దాటాయి. మూడో రోజే పేచీ మొదలు. పసిదానికి వస అరగదీసి నాలుకకు రాయాలని, సాంబ్రాణి పొగ దట్టంగా వేయాలని, జలుబు చేస్తే కర్పూరం కాచిన నూనె ఛాతీకి పట్టించాలని అమ్మ. 'నానమ్మా, డాక్టరుగారు ఏవీ వద్దన్నారు' అని మనవరాలు. ఇద్దరికీ మధ్య నేను.

వస, కర్పూరం రెండూ పసిపిల్లలకు మంచివి కావని ఇప్పుడు తెలుసు. కర్పూరం కొద్దిగా కడుపులోకి పోయినా చిన్నపిల్లలకు మూర్ఛలు రావచ్చు. కర్పూరం ఉన్న లేపనాలు రెండేళ్ళలోపు పిల్లలకు పూయకూడదంటారు. ఆనాటి గ్రైప్ వాటర్‌లో సోడా, సోంపు జాతి గింజల నూనెతోపాటు సారా కూడా ఉండేది. పిల్ల హాయిగా నిద్రపోయిందంటే పోదూ మరి! బొంబాయి మిల్లుల్లో పొద్దస్తమానం నిలబడి పనిచేసే తల్లులు పసివాళ్ళకు నల్లమందు గోళీ వేసి పడుకోబెట్టి పోయేవారని అప్పటి విచారణల్లో రికార్డయింది. వాళ్ళలో మన పద్మశాలీల, కామాటీల ఇళ్ళ పిల్లలూ ఉండే ఉంటారు. ఆ తల్లికి వేరే దారి ఏముంది? బొడ్డుమీద బూడిదో పేడో అద్దడం వల్ల ధనుర్వాతం వచ్చేది. దాన్ని 'పురిటిలో సంధి కొట్టింది' అని సరిపెట్టేవారు. టీకాలూ, శుభ్రమైన బ్లేడూ ఆ పీడను వదిలించేసరికి 2015 వచ్చింది. ఆ ఏడే నవజాత శిశువుల ధనుర్వాతం మన దేశంలో నిర్మూలన స్థాయికి చేరిందని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువీకరించింది.

ఇవన్నీ నేను అమ్మతో నెమ్మదిగా చెప్పాను. వాదిస్తుందనుకున్నాను. కాసేపు ఊరుకుని, 'మా అమ్మమ్మకు పదకొండు కాన్పులురా. నలుగురం మిగిలాం అనేది మా అమ్మ. ఆ డబ్బాలో ఉన్నవన్నీ ప్రతి పిల్లకూ వేసింది. దక్కినప్పుడు మందు గొప్పదన్నారు. దక్కనప్పుడు దాని రాత అన్నారు' అంది. నా సర్వీసులో అంత సూటిగా జమాఖర్చు చెప్పినవాళ్ళను చూడలేదు. దక్కినవి మాత్రమే పద్దులోకి ఎక్కి, పోయినవి ఎక్కకపోతే ఏ మందైనా లాభంలోనే ఉంటుంది.

అలాగని డబ్బా అంతా దండగ అనే మాటను నేను ఒప్పుకోను. కలరా సంగతే చూడండి. వాంతులు విరేచనాలు అవుతుంటే నీళ్ళు ఇవ్వకూడదని, లంఖణం పరమౌషధమని కూర్చోబెట్టిన ఇళ్ళలో మనుషులు ఎండిపోయి చనిపోయారు. ఉప్పేసిన గంజి పలచగా తాగించిన ఇళ్ళలో కొందరైనా బతికి ఉంటారు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని నిలబెట్టారు. ఉప్పు గంజిలోనూ దాదాపు అదే కిటుకు ఉంది. గంజిలోని పిండిపదార్థం ఉప్పునూ నీటినీ పేగులోంచి ఒంట్లోకి లాక్కుపోతుంది. ఒకే డబ్బాలోంచి ప్రాణం పోసేదీ, ప్రాణం తీసేదీ పక్కపక్కనే వచ్చాయి. వేరుచేసి చెప్పే లెక్క ఆ రోజుల్లో లేదు.

ప్రభుత్వం పంచిన మందులు రెండు ఉండేవి. బావుల్లో వేసే పర్మాంగనేటు ఒకటి, దాంతో నీళ్ళు గులాబిరంగుకు తిరిగేవి. రెండోది చలిజ్వరానికి క్వినైను. సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ గుట్టు విప్పడానికి ముందే, 1892లో బెంగాలులో తపాలా కచేరీల ద్వారా కానీ పొట్లాలుగా క్వినైను అమ్మడం మొదలైంది. మన మద్రాసు రాజధానికి నీలగిరుల్లోని నడువట్టంలో సింకోనా తోటలూ, సొంత ఫ్యాక్టరీ ఉండేవి. రూపాయికి అరవై నాలుగు కానులు. ఆ లెక్కన చూస్తే, నిక్కచ్చిగా పనిచేసిన మందు అన్నిటికంటే చవకగా దొరికింది, అదీ కార్డులూ కవర్లూ అమ్మే కిటికీ దగ్గర. చేదు భరించలేక జనం దాన్ని బెల్లంలో పెట్టి మింగేవారు, కొందరు మింగినట్టు నటించి పారేసేవారు. అమృతాంజనానికి ఉన్న వాసన దానికి లేదు, గంధపు సబ్బుకున్న ముద్రా లేదు.

మా ఇంట్లో చివరికి కుదిరిన ఒప్పందం ఇది. పసిదానికి నూనె మర్దనా, గోరువెచ్చని నీళ్ళూ అమ్మ చేతిమీదే. నోట్లోకి పోయేది ఏదైనా డాక్టరు చీటీ మీద. సాంబ్రాణి పొగ పసిపిల్ల ఉన్న గదిలో కాక పూజగదిలో. కుంకుళ్ళు పెద్దవాళ్ళకు.

ఒక చిన్న విన్నపంతో ముగిస్తాను. మీ ఊళ్ళో కుంకుడును, సున్నిపిండిని, ఉబ్బ కాగును, నల్లజీడిని ఇంట్లో ఏమని పిలుస్తారో రాసి పంపండి. బరంపురం మాట, హోసూరు మాట, షోలాపూరు మాట, యానాం మాట అన్నీ కావాలి. పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాయండి, సరిదిద్దవద్దు. ఏ మందు ఎవరికి పనిచేయలేదో కూడా రాయండి.